పిల్లల కథల పుస్తకం, కలరింగ్ బుక్: క్లయింట్‌కి రేటు చెప్పే ముందు ఏం అడగాలి?

ఈ ఎపిసోడ్ బొమ్మలు బాగా వేసేవాళ్ళ కోసం. ముఖ్యంగా ఇన్‌స్టాలో మీరు పెట్టిన బొమ్మ చూసి, "మా పిల్లల పుస్తకానికి వేస్తారా?" అని ఎవరో మెసేజ్ పెట్టారనుకోండి, అది మీ కోసమే.

ఆ మెసేజ్ ఎలా ఉంటుందో చెప్పమంటారా? "బ్రో, చిల్డ్రన్స్ బుక్ ఒకటి చేస్తున్నాం. 30 పేజీలు. బొమ్మలు క్యూట్‌గా ఉండాలి. పేజీకి ఎంత తీసుకుంటావ్?" అంతే, నాలుగు ముక్కలు. మనవాళ్ళు ఏం చేస్తారంటే, తెలిసిన ఇంకో ఆర్టిస్టుని అడిగి, పని ఎక్కడ పోతుందో అని అందులోంచి కొంచెం తగ్గించి, ఐదు నిమిషాల్లో ఒక అంకె చెప్పేస్తారు. ఆ అంకె ఎక్కువా తక్కువా అన్నది తర్వాత సంగతి. అసలు ఆ మెసేజ్‌లో రేటు చెప్పడానికి సరిపోయే సమాచారమే లేదు. కథ పుస్తకమా, రంగులు వేసుకునే పుస్తకమా? ఏ వయసు పిల్లలకి? ఎన్ని భాషల్లో వస్తుంది? బొమ్మలు ఆ పుస్తకం వరకేనా, లేక రేపు టీషర్టు మీద, స్కూల్ బ్యాగు మీద, యూట్యూబ్ వీడియోలో కూడా వాడతారా? ఈ జవాబులు మారితే పని మారుతుంది, పని మారితే రేటు మారుతుంది. ఎందుకో ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఆ "30 పేజీలు" సంగతి తీసుకోండి. సెంటర్ పిన్ కొట్టే పుస్తకం అయితే పేజీలు 4 చొప్పునే పెరుగుతాయి. ఒక కాగితాన్ని మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి కదా, అదే లెక్క. ప్రెస్‌లో పెద్ద షీటు మీద 8 లేదా 16 పేజీలు ఒకేసారి అచ్చు వేసి మడుస్తారు. మన ప్రెస్‌ల భాషలో దాన్ని ఫారం అంటారు. అందుకే పిల్లల పిక్చర్ బుక్ ప్రపంచంలో ఎక్కువ చోట్ల 32 పేజీల్లో ఉంటుంది. మన దగ్గర 16, 24 పేజీలవీ చాలా ఉన్నాయి. కాబట్టి 30 అన్న క్లయింట్‌ని "32 చేద్దామా, 28కి తగ్గిద్దామా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో మీకు పని తెలుసని అవతలివాళ్ళకి అర్థమవుతుంది.

32 పేజీలు అంటే 32 బొమ్మలు కూడా కాదు. మొదటి పేజీ టైటిల్‌కి పోతుంది. రెండో పేజీ ప్రచురణ వివరాలకి, మూడోది అంకితానికో చిన్న బొమ్మకో పోతుంది. కథ నాలుగో పేజీలో మొదలై 31లో అయిపోతుంది. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ, కుడి పేజీ కలిసి ఒకే చూపులో కనిపిస్తాయి. దాన్ని స్ప్రెడ్ అంటారు. అలా 14 స్ప్రెడ్‌లు వస్తాయి. మీరు ఆలోచించాల్సింది పేజీల్లో కాదు, ఈ 14 స్ప్రెడ్‌లలో. క్లయింట్ "పేజీకి ఎంత" అని అడిగినా, మీరు "స్ప్రెడ్‌కి" అని లెక్క వేసుకోండి. రెండు పేజీల మీద పరుచుకున్న ఒక పెద్ద చెరువు సీను, పక్కపక్కనే ఉన్న రెండు చిన్న బొమ్మలు, ఈ రెండూ ఒకటే పని కాదు.

పిక్చర్ బుక్‌లో అసలు కష్టం బొమ్మ అందంగా వేయడం కాదు. ఒకే పిల్లని 14 సార్లు వేసినా ఆ పిల్లే అనిపించాలి. జడ ఎటు వేసుకుంది, గౌనుకి ఎన్ని బొత్తాలు, పక్కింటి అన్న భుజం దాకా వస్తుందా నడుము దాకా వస్తుందా అన్నవి మారకూడదు. పిల్లలు ఇవి పట్టేస్తారు, నమ్మండి. పెద్దవాళ్ళు అక్షరాలు చదివేసి పేజీ తిప్పేస్తారు. నాలుగేళ్ళ పిల్లకి చదవడం రాదు కాబట్టి బొమ్మనే చదువుతుంది. అందుకే మొదటి స్ప్రెడ్ ముట్టుకోక ముందే ప్రతి పాత్రనీ ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి, నవ్వుతూ, ఏడుస్తూ వేసి ఒక షీటు తయారు చేసుకోండి. దాన్ని క్యారెక్టర్ షీట్ అంటారు. ఇది ఉచితంగా చేసే పని కాదు, రేటులో కలపాల్సిన పని.

తర్వాత డమ్మీ. ఎనిమిది తెల్ల కాగితాలు మధ్యకి మడిచి, పిన్ కొడితే 32 పేజీల చిట్టి పుస్తకం వస్తుంది. అందులో అగ్గిపుల్ల బొమ్మలతోనే మొత్తం కథ వేసేయండి. ఇది స్క్రీన్ మీద చేయకండి, చేత్తో పేజీ తిప్పి చూడండి. పులి ఎక్కడ కనిపించాలి? కుడి పేజీలో పొదల్లో తోక మాత్రం కనిపించి, పేజీ తిప్పాక పులి మొత్తం రావాలి. రెండూ ఒకే స్ప్రెడ్‌లో పెట్టేస్తే ఆ భయం, ఆ నవ్వు పోయినట్టే. ఇంకోటి, మధ్య మడత. స్క్రీన్ మీద రెండు పేజీలూ ఒకే చదును బొమ్మలా కనిపిస్తాయి. పుస్తకం అయ్యాక ఆ మధ్యలో ఉన్న అమ్మమ్మ ముఖం మడతలోకి వెళ్ళిపోతుంది. ముఖాలు, చేతులు, ముఖ్యమైన వస్తువులు ఏవీ మడత దగ్గర పెట్టకూడదు.

కథ వాక్యాలు ఎక్కడ కూర్చుంటాయో కూడా ముందే తేల్చుకోవాలి. ఇంగ్లీష్ అక్షరాలకి వదిలినంత చోటు తెలుగుకి సరిపోదు. మనకి పైన గుణింతాల గుర్తులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం చూడండి, ఎంత ఎత్తు తింటుందో. ఇంగ్లీష్ కథ చూసి బొమ్మలు వేసి, తర్వాత తెలుగులోకి మారిస్తే అక్షరాలు ఏనుగు కాళ్ళ మీదకి ఎక్కుతాయి. ఆకాశమో, గోడో, ఇసుకో, ఏదో ఒకటి ఖాళీగా ఉండేలా ముందే ప్లాన్ చేసుకోండి.

ఎన్ని భాషలు అన్న ప్రశ్న ఇక్కడే పనికొస్తుంది. చెన్నైలో తూలికా పబ్లిషర్స్ ఒకే పిల్లల పుస్తకాన్ని తెలుగుతో సహా చాలా భాషల్లో వేస్తుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ కూడా అంతే. ఇలా వేసేటప్పుడు ఖర్చు తగ్గించే కిటుకు ఒకటుంది. రంగు బొమ్మ నాలుగు సిరాలతో అచ్చవుతుంది: నీలం, ఎరుపు, పసుపు, నలుపు. కథ వాక్యాలు మొత్తం నలుపులోనే ఉంటే, భాష మారినప్పుడు ఆ ఒక్క నలుపు ప్లేటు మారిస్తే చాలు, మిగతా మూడూ అవే వాడుకోవచ్చు. మీరు బొమ్మలో దుకాణం బోర్డు మీద "కిరాణా" అని ఎర్ర రంగులో రాసేశారనుకోండి, ఆ లెక్క మొత్తం పాడవుతుంది. కన్నడ పుస్తకంలో తెలుగు బోర్డు మిగిలిపోతుంది. బొమ్మలో అక్షరాలు రాకుండా చూడటం, తప్పకపోతే వేరే లేయర్‌లో ఉంచడం మంచిది.

సరే, ఇప్పుడు కలరింగ్ బుక్. "రంగు వేయక్కర్లేదు కదా, సగం పనే, సగం రేటు ఇవ్వు" అంటారు క్లయింట్లు. ఇది పూర్తిగా వేరే పని. కథ పుస్తకంలో బొమ్మ మీరే పూర్తి చేస్తారు. కలరింగ్ బుక్‌లో సగం వేసి పిల్లాడి చేతికి ఇస్తారు, మిగతా సగం వాడు పూర్తి చేస్తాడు. నీడలు, రంగులు దాచిపెట్టే చిన్న చిన్న తప్పులన్నీ ఇక్కడ బయటపడిపోతాయి. ఉన్నది గీత ఒక్కటే.

మూడేళ్ళ పిల్లలకి లావు గీతలు, పెద్ద ఖాళీలు, పేజీకి ఒకటో రెండో వస్తువులు చాలు. ఏనుగు, పక్కన ఒక బంతి. వాళ్ళు క్రేయాన్‌ని పిడికిలితో పట్టుకుంటారు, వేళ్ళతో కాదు. ఏనుగు చెవిలో ముగ్గులాంటి డిజైన్ పెడితే వాళ్ళకి అది రంగు వేసే చోటులా కాదు, గజిబిజిలా కనిపిస్తుంది. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి సీను కావాలి: సంత, రైల్వే స్టేషను, బతుకమ్మ చుట్టూ ఆడవాళ్ళు. పెద్దవాళ్ళకీ కలరింగ్ బుక్స్ ఉన్నాయి, స్కాట్లాండ్ ఆర్టిస్టు జొహానా బాస్‌ఫోర్డ్ 2013లో వేసిన సీక్రెట్ గార్డెన్ ప్రపంచమంతా అమ్ముడుపోయింది. దాన్ని చూపించి "ఇలా కావాలి, నర్సరీ పిల్లలకి" అని అడిగే క్లయింట్‌కి ఓపికగా తేడా చెప్పడం కూడా మన పనే.

గీతలు మూసుకుని ఉండాలి. ఎక్కడా చిన్న సందు వదలకండి. పుస్తకంలో అయితే పిల్లలు సర్దుకుంటారు, కానీ అదే బొమ్మని క్లయింట్ రేపు మొబైల్ యాప్‌లో పెడితే, ఒక చోట నొక్కగానే రంగు ఆ సందులోంచి పేజీ మొత్తం పాకిపోతుంది. నల్లగా నింపేసిన భాగాలు వద్దు, అక్కడ పిల్లలకి పని లేదు. గీత రంగు ఒక్క నలుపు సిరాతోనే ఉండాలి. నాలుగు సిరాలు కలిపిన నలుపు స్క్రీన్ మీద ముదురుగా బాగానే కనిపిస్తుంది. ప్రెస్‌లో ప్లేటు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన ఎర్రటి నీడ పడుతుంది.

పేజీల లెక్క ఇక్కడ ఇంకో రకం. స్కెచ్ పెన్ను వాడితే పల్చటి కాగితం వెనక్కి దిగుతుంది. అందుకే చాలా కలరింగ్ బుక్స్‌లో ఒక వైపే బొమ్మ, వెనక వైపు ఖాళీ. క్లయింట్ "50 బొమ్మలు" అంటే అది 100 పేజీల పుస్తకం. "50 పేజీలు" అంటే 25 బొమ్మలే కావచ్చు. ఏది అంటున్నారో అడక్కుండా రేటు చెప్తే, పని ఒక్క మాటలో రెట్టింపు అయిపోతుంది.

తెలుగు అక్షరాల కలరింగ్ బుక్ గురించి ఒక మాట చెప్పాలి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉండే తెలుగు అమ్మానాన్నలకి పిల్లల చేత అక్షరాలు దిద్దించాలని ఉంటుంది కాబట్టి ఇలాంటి పని అక్కణ్ణుంచి కూడా వస్తుంది. "56 అక్షరాలు, 56 బొమ్మలు" అని లిస్టు పంపుతారు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఇ అంటే ఇల్లు, బాగానే ఉంది. ణ, ళ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాం. వాటితో మొదలయ్యే మాటలు మనకి లేవు. ణకి వీణ, ళకి తాళం, ఇలా మధ్యలోనో చివరో వచ్చే మాట పెట్టుకోవాలి. ఙ, ఞ అయితే బొమ్మ వేసే మాటే దొరకదు. ఐకి ఐరావతమా, ఐస్‌క్రీమా? ఐరావతం వేస్తే పక్కన ఏ దగ్గర ఉన్న ఏనుగుతో పిల్లలకి తికమక, ఐస్‌క్రీమ్ వేస్తే తాతగారికి కోపం. నాకైతే ఐస్‌క్రీమే ఇష్టం, పిల్లలకి ఇష్టంగా రంగు వేసే పేజీ అదే అవుతుంది. ఇవన్నీ రాతపూర్వకంగా తేల్చుకుని లిస్టు ఖాయం చేశాకే గీత మొదలుపెట్టాలి. 40 బొమ్మలు అయ్యాక "ఋషి వద్దు, వేరేది వేయండి" అంటే అది కొత్త పని.

ఇదంతా ఫోన్‌లో చేయొచ్చా? రఫ్‌లు, క్యారెక్టర్ షీట్, ప్రాక్టీస్ అన్నీ ఐబిస్ పెయింట్ లాంటి యాప్‌లో ఫోన్ మీదే చేయొచ్చు. ఫైనల్ దగ్గర సైజు సమస్య వస్తుంది. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. 8.5 బై 11 అంగుళాల పేజీ అంటే 2550 బై 3300 పిక్సెళ్ళు. గీతలు మాత్రమే ఉండే కలరింగ్ పేజీకి 600 ఉంటే అంచులు నున్నగా వస్తాయి, అంటే 5100 బై 6600. అంత పెద్ద కాన్వాస్‌లో మామూలు ఫోన్ నాలుగు లేయర్లకే మొరాయిస్తుంది. అదే మీరు ఇన్‌స్టా కోసం 1080 పిక్సెళ్ళలో వేసిన బొమ్మ కాగితం మీద 3.6 అంగుళాలకి మించి శుభ్రంగా రాదు. చిన్నగా వేసి తర్వాత సాగదీస్తే మసకబారుతుంది. కంప్యూటర్ దొరికితే క్రిటా, ఇంక్‌స్కేప్ రెండూ ఉచితమే. ఇంక్‌స్కేప్‌లో వేసిన గీత వెక్టర్ కాబట్టి ఎంత పెంచినా చెడదు. ఇంకోటి, ఫోన్ స్క్రీన్ వెలుగుతుంది, కాగితం వెలగదు. మీ మెరిసే చిలకపచ్చ, నారింజ రంగులు అచ్చులో మెత్తబడతాయి. క్లయింట్‌కి ఈ మాట ముందే చెప్పండి, వీలైతే ఒక పేజీ అచ్చు తీసి చూపించమనండి.

అమెజాన్ కేడీపీలో పెట్టుకునే క్లయింట్లు చాలామంది ఉంటారు. అక్కడ కనీసం 24 పేజీలు ఉండాలి. బొమ్మ అంచు దాకా వెళ్ళాలంటే బయటి వైపులా 0.125 అంగుళం అదనంగా వేయాలి, కట్ చేసేటప్పుడు అది పోతుంది. పుస్తకం 150 పేజీల లోపు ఉంటే లోపలి మార్జిన్ కనీసం 0.375 అంగుళాలు. కలరింగ్ బుక్‌కి అంతకన్నా ఎక్కువే వదలండి. గమ్ బైండింగ్ పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, చిన్న చెయ్యి ఆ లోపలికి వెళ్ళదు.

ఇప్పుడు డబ్బు. మార్కెట్ రేటు ఎంత అని అడిగితే ఒక్క అంకె ఎవరూ చెప్పలేరు, కాబట్టి మీ గంటల నుంచి మొదలుపెట్టండి. ఈ కింది అంకెలు లెక్క చూపించడానికి మాత్రమే. 14 స్ప్రెడ్‌లు అనుకుందాం. ఒక్కోదానికి రఫ్ 3 గంటలు, గీత 4, రంగు 6, మొత్తం 13. పద్నాలుగింటికి 182 గంటలు. క్యారెక్టర్ షీట్‌కి 10, కవర్‌కి 12, మార్పులకి 30 కలిపితే 234 గంటలు. రోజుకి నిజంగా బొమ్మ వేసే సమయం ఆరు గంటలే అనుకుంటే 39 రోజులు. మీ రోజు ఖరీదు 1,500 రూపాయలు అనుకుంటే 58,500. "పేజీకి 500" అని నోటికొచ్చింది చెప్పి ఉంటే 32 పేజీలకి 16,000 వచ్చేది. రోజుకి 410 రూపాయలన్నమాట. 40 బొమ్మల కలరింగ్ బుక్‌కి బొమ్మకి 3 గంటలు, కవర్‌కి, మార్పులకి చెరో 10 వేసుకుంటే 140 గంటలు, అంటే 35,000. సగం పని అన్నవాళ్ళకి ఈ కాగితం చూపించండి. ఫైవర్ లాంటి చోట పని తీసుకుంటే వాళ్ళ 20 శాతం కమిషన్ కూడా ఇందులో కలపాలి.

అయితే ఇది మీ కష్టానికి వచ్చే డబ్బు మాత్రమే. దీని మీద ఇంకోటి ఉంది, చాలామంది అసలు మాట్లాడనిది: హక్కులు. ఇక్కడ కొంచెం నిదానంగా వినండి.

క్లయింట్ డబ్బిచ్చి కొనేది బొమ్మ కాదు, ఆ బొమ్మని వాడుకునే హక్కు. పుస్తకంగా వేసుకునే హక్కు ఒకటి. అదే పాత్రతో రెండో పుస్తకం చేయడం, టిఫిన్ బాక్సు మీద వేయడం, యానిమేషన్ చేయడం, ఒక్కొక్కటీ వేరే హక్కు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా సృష్టించినవాళ్ళే మొదటి యజమాని. కానీ అందులోనే ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, పెయింటింగ్ లేదా పోర్ట్రెయిట్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు వేయించుకున్నవాళ్ళే మొదటి యజమాని అవుతారు. ఆ వాక్యంలో డ్రాయింగ్ అనే మాట లేదు. మరి రంగులు వేసిన పిక్చర్ బుక్ పేజీ పెయింటింగా, డ్రాయింగా? గొడవ వస్తే అవతలి లాయరు పెయింటింగే అంటాడు. ఆ వాదనకి తలుపు తెరిచి ఉంచేది "వేరే ఒప్పందం లేనప్పుడు" అన్న మాట. ఒప్పందం ఉంటే ఆ తలుపు మూసుకుంటుంది. రెండు వాక్యాల ఒప్పందం కూడా ఒప్పందమే.

దీంతో పోల్చి చూడండి. చందమామ అంటే మన ఇళ్ళల్లో వపా గారి ముఖచిత్రాలు, శంకర్ గారి విక్రమ్ బేతాళ్ బొమ్మ. అలా పత్రికలో ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసేవాళ్ళ గురించి ఇదే 17వ సెక్షన్ ఏం చెప్తుందంటే, వేరే ఒప్పందం లేకపోతే పత్రికల్లో వేసుకునే హక్కు వరకే యజమానిది, మిగతా వాడకాలకి మొదటి హక్కు ఆర్టిస్టుదే. జీతం తీసుకునే ఆర్టిస్టుకే చట్టం అంత మిగిల్చింది. నెల జీతం లేదు, పీఎఫ్ లేదు, కరెంటు బిల్లు కూడా మనమే కట్టుకుంటాం. అలాంటి ఫ్రీలాన్సర్ "అన్ని హక్కులూ మీవే" అని ఒక్క లైన్ టైప్ చేసేస్తే ఏమీ మిగలదు.

హక్కులు పూర్తిగా రాసిచ్చేయడాన్ని అసైన్‌మెంట్ అంటారు. 19వ సెక్షన్ ప్రకారం అది కాగితం మీద ఉండాలి, ఇచ్చేవాళ్ళ సంతకం ఉండాలి. ఏ పని, ఏ హక్కులు, ఎన్నాళ్ళు, ఏ ప్రాంతం అన్నవి రాయాలి. ఎన్నాళ్ళో రాయకపోతే ఐదేళ్ళు అనే లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని క్లయింట్ కాగితంలో కనిపిస్తే అది ఊరికే రాసింది కాదు, ఆ రెండు మాటలకీ ధర ఉంది, అడగండి. హక్కు మీ దగ్గరే ఉంచుకుని వాడుకోనివ్వడం లైసెన్స్. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే: మామూలుగా లైసెన్స్ ఇవ్వండి, మొత్తం కావాలంటే రేటు వేరే. ఫైవర్‌లో అయితే మీ గిగ్ పేజీలో వేరేలా రాయకపోతే, డబ్బు కట్టాక హక్కులు కొన్నవాళ్ళకే వెళ్తాయని వాళ్ళ నిబంధన. గిగ్ పెట్టే రోజే ఆ లైన్ రాసుకోవాలి.

తెలిసి, ఇష్టపడి హక్కులు వదులుకోవడంలో తప్పు లేదు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో కథలు, బొమ్మలు ఓపెన్ లైసెన్స్‌తో ఉంటాయి. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వేరే భాషలోకి మార్చుకోవచ్చు. పిల్లలకి ఉచితంగా అందాలనే ఆ పద్ధతి. అక్కడ వేసేవాళ్ళకి ఆ సంగతి ముందే తెలుసు. తెలియకుండా పోవడం వేరు.

పేరు విషయం కూడా చూడండి. హక్కులన్నీ రాసిచ్చినా, ఈ బొమ్మ నేనే వేశాను అని చెప్పుకునే హక్కు, మీ గౌరవానికి భంగం కలిగేలా దాన్ని పాడు చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకే ఉంటాయి. అయినా కవర్ మీద పేరు వేయమని ముందే రాయించుకోండి. తర్వాత పని తెచ్చేది ఆ పేరే. పెద్ద మొత్తం పని అయితే ఒకసారి లాయరుకి చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇప్పుడు కొత్త రకం క్లయింట్లు వచ్చారు. ఏఐతో చేసిన 30 బొమ్మలు పంపి, "వేళ్ళు సరిచేయండి చాలు" అంటారు. పని చేయాలా వద్దా మీ ఇష్టం. కానీ రెండు సంగతులు వాళ్ళకి చెప్పండి. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైట్ ఆఫీసు జర్యా ఆఫ్ ద డాన్ అనే కామిక్ విషయంలో, మిడ్‌జర్నీ చేసిన బొమ్మలకి కాపీరైట్ రాదని తేల్చింది. అంటే ఆ బొమ్మలు ఇంకెవరైనా తీసుకుంటే అక్కడ ఆపడం కష్టం. రెండోది, కేడీపీలో పుస్తకం పెట్టేటప్పుడు ఏఐ చేసిన బొమ్మలు ఉన్నాయా అని అడుగుతారు, ఉంటే చెప్పాలి. మీరు చేత్తో వేసిన పనికి ఇది నిజమైన అమ్మకపు పాయింట్. రఫ్‌లు, లేయర్లున్న ఫైళ్ళు, తేదీలతో సహా దాచుకోండి.

మరి మొదట్లో వచ్చిన ఆ నాలుగు ముక్కల మెసేజ్‌కి ఏం జవాబు పెట్టాలి? వివరాలన్నీ అడిగి తెలుసుకున్నాక ఇలాంటిది ఈమెయిల్‌లో పంపండి, భాష మీకు నచ్చినట్టు మార్చుకోండి:

"నమస్తే అండి. 32 పేజీల పుస్తకం, సైజు 8.5 బై 8.5 అంగుళాలు, 14 స్ప్రెడ్‌లు, ఒక కవర్. రేటు 58,500 రూపాయలు. ఇది తెలుగు, ఇంగ్లీష్ అచ్చు పుస్తకాలకి, ఈ-బుక్‌కి, భారతదేశంలో ఐదేళ్ళ లైసెన్స్. బొమ్మల, పాత్రల కాపీరైట్ నా దగ్గరే ఉంటుంది. వేరే వాడకాలకి విడిగా మాట్లాడుకుందాం. రఫ్‌లలో రెండుసార్లు, రంగు వేశాక ఒకసారి మార్పులు ఇందులోనే. ఆ పైన మార్పులకి గంట లెక్క. మూడో వంతు అడ్వాన్స్, మూడో వంతు రఫ్‌లు ఓకే అయ్యాక, మిగతాది ఫైనల్ ఫైళ్ళు పంపే ముందు. మధ్యలో పని ఆగిపోతే అప్పటిదాకా చేసినదానికి డబ్బు తిరిగి ఇవ్వడం ఉండదు. కవర్ మీద, లోపలి పేజీలో నా పేరు రావాలి. ఇది మీకు ఓకే అయితే ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి."

కొందరు క్లయింట్లు ఇది చూసి మాయమైపోతారు. అడ్వాన్స్ మాట వినగానే పోయేవాళ్ళు ఫైనల్ పేమెంట్ దగ్గర ఎలా ఉండేవాళ్ళో ఊహించుకోవచ్చు. కొందరు "రేటు ఎక్కువ" అంటారు. అప్పుడు రేటు తగ్గించకండి, పని తగ్గించండి. 24 పేజీలు చేద్దాం, లేదా కొన్ని స్ప్రెడ్‌లలో బ్యాక్‌గ్రౌండ్ లేకుండా తెల్లగా వదులుదాం అనండి. లేదా లైసెన్స్ రెండేళ్ళకి, తెలుగుకి మాత్రమే ఇవ్వండి. బంధువులు, తెలిసినవాళ్ళు అడిగితే? బాబాయి పుస్తకానికి ఉచితంగా వేయాలనిపిస్తే వేయండి, కానీ ఆ మెయిల్ మాత్రం పంపండి. రేటు దగ్గర సున్నా పెట్టి, మిగతా లైన్లు అలాగే ఉంచండి.

మార్పులు కూడా రఫ్ దశలోనే రాబట్టడం అలవాటు చేసుకోండి. పెన్సిల్ రఫ్‌లో మేకని గొర్రెగా మార్చడం పది నిమిషాల పని, రంగులు వేశాక అదే ఒక పూట. క్లయింట్ దగ్గర ముగ్గురు ఉంటే, రచయిత, వాళ్ళ ఆవిడ, పెట్టుబడి పెట్టే స్నేహితుడు, ముగ్గురి మాటా ఒకరి ద్వారానే రావాలని చెప్పండి. లేకపోతే ఒకరు మీసం పెట్టమంటారు, ఇంకొకరు తీసేయమంటారు.

ఫైనల్ పంపేటప్పుడు ప్రెస్‌కి పనికొచ్చే పీడీఎఫ్ ఇవ్వండి. లేయర్లున్న ఒరిజినల్ ఫైలు అడిగితే అది ఒప్పందంలో ఉందా లేదా చూసుకోండి. ఆ ఫైలుతో మీ పాత్రని కత్తిరించి ఎక్కడైనా అతికించుకోవచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో క్రిటాలో ఒక కలరింగ్ పేజీని మొదటి గీత నుంచి పీడీఎఫ్ దాకా స్క్రీన్ మీద చేసి చూపిస్తాను. ఈలోపు ఆ ఎనిమిది కాగితాల డమ్మీ ఒకటి చేసి పెట్టుకోండి. ఉంటాను ఫ్రెండ్స్.